సీసా మీద చిన్న అక్షరాలు చదువుదాం

మా అమ్మకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. మొదట్లో డాక్టరు చీటీ మీద రాసిన కంపెనీ పేరుతోనే మాత్రలు కొనేవాళ్లం. ఒకసారి సెలవులకు వచ్చిన మా చెల్లెలి కూతురు ఆ అట్ట వెనక్కి తిప్పి చూసి, "మామయ్యా, ఇది మెట్‌ఫార్మిన్, ఇది ఆమ్లోడిపిన్. జన ఔషధి షాపులో ఇవే దొరుకుతాయి" అంది. డాక్టరుగారిని అడిగాం. "అదే మందు, వాడుకోండి" అన్నారు. అప్పటినుంచి నెల ఖర్చు సగానికి పైగా తగ్గింది. అమ్మ ఆరోగ్యంలో తేడా ఏమీ లేదు.

ఇంట్లో నేర్చుకున్న ఈ పాఠాన్ని పొలం దాకా తీసుకుపోలేకపోయాను. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

ఒక ఖరీఫ్‌లో మా పత్తికి పచ్చదోమ పట్టింది. ఆకులు అంచుల వెంట ఎర్రబడి ముడుచుకుపోతున్నాయి. ఎప్పుడూ కొనే కొట్టుకే వెళ్లి చెప్పాను. ఒక పొడి ప్యాకెట్టు ఇచ్చారు, కొట్టాను. పది రోజులకు దోమ మళ్లీ కనిపించింది. మళ్లీ వెళ్లి, "అన్నయ్యా, ఆ మందు పని చేయలేదు, మార్చి ఇవ్వు" అన్నాను. "అయితే ఇది తీసుకుపో, కొత్తగా వచ్చింది, గట్టి మందు" అని ఇంకో రంగు ప్యాకెట్టు చేతిలో పెట్టారు. మొదటి దానికన్నా దాదాపు రెట్టింపు ధర. ఖాతాలో రాయించి వచ్చాను. సాయంత్రం చేను గట్టున రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టి, ఫోను కెమెరాతో అక్షరాలు పెద్దవి చేసి చదివితే రెండింటి మీదా ఒకటే మాట ఉంది. థయోమిథాక్సామ్ 25 శాతం డబ్ల్యూ.జి. మందు మారలేదు. పేరూ రంగూ ధరా మారాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మోసం చేశారని కొట్టువారి మీద కోపం వచ్చిన మాట నిజమే. తర్వాత ఆలోచిస్తే అంతకన్నా ఎక్కువ కోపం నా మీదే వచ్చింది. ఇరవై ఏళ్లుగా మందులు కొడుతున్నాను, కొట్టే మందు పేరు నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా అట్ట మీది పెద్ద అక్షరాలే.

రెండు పేర్లు

పురుగు మందు ఏదైనా దానికి రెండు పేర్లుంటాయి. ఒకటి కంపెనీ పెట్టుకున్న అమ్మకం పేరు. రెండోది అందులో పని చేసే రసాయనం పేరు, దాని శాతం. దీన్నే వ్యవసాయ అధికారులు టెక్నికల్ పేరు అంటారు. మనం "కాన్ఫిడార్" అనేది ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ఎస్.ఎల్. "డైథేన్ ఎం-45" అనేది మాంకోజెబ్ 75 శాతం డబ్ల్యూ.పి. "రౌండప్" గ్లైఫోసేట్. "కోరాజెన్" క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం ఎస్.సి. ఇవే రసాయనాలను, ఇవే శాతాల్లో, ఇంకా ఎన్నో కంపెనీలు వేరే పేర్లతో అమ్ముతున్నాయి.

ఇందులో దొంగతనమేమీ లేదు, చట్టమే ఆ వీలు కల్పించింది. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ప్రకారం ఒక మందును దేశంలో మొదటిసారి తెచ్చే కంపెనీ, అది పని చేస్తుందని, దాని వల్ల కలిగే ప్రమాదం ఎంతని రుజువులు చూపి 9(3) సెక్షన్ కింద రిజిస్టర్ చేసుకోవాలి. ఆ తర్వాత వచ్చే కంపెనీలు అదే మందును అవే షరతుల మీద 9(4) సెక్షన్ కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. అంటే జనరిక్ మందు దొడ్డిదారిన వచ్చింది కాదు. రిజిస్ట్రేషన్ నంబరుతో ముందు తలుపు నుంచే వచ్చింది. ఒకే కర్మాగారంలో తయారైన టెక్నికల్‌ను కొని, తమ తమ పేర్లతో సీసాల్లో నింపి అమ్మే కంపెనీలు కూడా చాలా ఉన్నాయి.

దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1970 పేటెంట్ల చట్టంలో మందులకు వస్తువు మీద పేటెంటు లేదు, తయారు చేసే పద్ధతి మీదే ఉండేది. మన రైతులు గుర్తుంచుకోవలసిన సంగతి ఏమిటంటే, ఆ చట్టంలో "మందు" అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే పురుగు మందులు, తెగుళ్ల మందులు, కలుపు మందులు కూడా చేరి ఉన్నాయి. మనిషి వేసుకునే మాత్రకూ పైరు మీద చల్లే మందుకూ చట్టం ఒకే నీడ పట్టింది. ఆ నీడలోనే హైదరాబాద్ చుట్టుపక్కల మందుల పరిశ్రమ ఎదిగింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం కారణంగా 2005 జనవరి 1 నుంచి వస్తువు మీద కూడా 20 ఏళ్ల పేటెంటు వచ్చింది. కొత్త మందులకు ఆ 20 ఏళ్లూ ఒకే యజమాని, ఆయన చెప్పిందే ధర.

20 ఏళ్లు తీరాక ఏమవుతుందో వరి, పత్తి, మిర్చి రైతులు కళ్లారా చూశారు. క్లోరాంట్రానిలిప్రోల్ మీద ముఖ్యమైన పేటెంటు గడువు 2022 ఆగస్టులో ముగిసింది. తయారీ పద్ధతి మీద ఇంకా హక్కులున్నాయని మాతృ కంపెనీ వాదించింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఢిల్లీ హైకోర్టులో పోరాడి మరీ ఆ మందును మార్కెట్లోకి తెచ్చింది. ఆ వెనకే మరికొన్ని కంపెనీలు వచ్చాయి. పోటీ పెరిగే కొద్దీ ధర దిగింది. కాండం తొలుచు పురుగుకు చల్లే మందు అదే, ఎకరానికి 60 మిల్లీలీటర్ల మోతాదూ అదే. మరి పాత పేరునే పట్టుకుని పాత ధరకు దగ్గరగా కొన్న రైతు ఆ తేడా డబ్బు ఎవరికి ఇచ్చినట్టు?

ఎంత మిగులుతుంది?

అందరి లెక్కా ఒకటి కాదు కాబట్టి ఎవరి బిల్లు వాళ్లే ముందు పెట్టుకోవాలి. లెక్క వేసే తీరు చెప్పడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఐదెకరాల పత్తి రైతు సీజన్లో ఎనిమిది సార్లు పిచికారీ చేశాడనుకుందాం. ఒక్కో పిచికారీకి ఎకరానికి 200 రూపాయలు తేడా వచ్చిందనుకుందాం. ఐదెకరాలకు 1,000 రూపాయలు. ఎనిమిది పిచికారీలకు 8,000. ఆ డబ్బు అప్పు మీద తెచ్చిందే కాబట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన ఆరు నెలలకు మరో 960. మొత్తం 8,960 రూపాయలు. పంట ధర మన చేతిలో లేదు. వాన మన చేతిలో లేదు. ఈ తొమ్మిది వేలు మాత్రం కొంతవరకైనా మన చేతిలో ఉన్నాయి.

సీసా ధరలు పోల్చి చూస్తే లాభం లేదు, ఎకరానికి పడే ఖర్చు పోల్చాలి. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ద్రావణం పత్తికి ఎకరానికి 40 నుంచి 50 మిల్లీలీటర్లు వాడతాం. అదే మందు 70 శాతం గుళిక రూపంలో 12 నుంచి 14 గ్రాములు చాలు. చిన్న ప్యాకెట్టు ధర చూసి ఖరీదనుకుంటాం, పెద్ద సీసా చూసి చవకనుకుంటాం. రెండింటిలోనూ ఎకరానికి పడే అసలు మందు దాదాపు ఒకటే. ధరను ఎన్ని ఎకరాలకు వస్తుందో దానితో భాగిస్తేనే నిజం తెలుస్తుంది.

డబ్బు ఒక్కటే కాదు

టెక్నికల్ పేరు తెలియకపోతే పోయేది డబ్బు ఒక్కటే అయితే ఇంత రాసేవాడిని కాదు.

మొదటి నష్టం పురుగు మొండిదవడం. నేను చేసిన తప్పు అదే. మందు మార్చానని నమ్మి అదే మందు మళ్లీ కొట్టాను. మొదటిసారి చావకుండా మిగిలిన దోమ ఆ మందును తట్టుకున్న దోమ. దాని మీద మళ్లీ అదే చల్లితే తట్టుకునే వాటినే పెంచినట్టు. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, ఎసిటామిప్రిడ్ మూడూ పేర్లు వేరైనా ఒకే కుటుంబం మందులు. క్లోరాంట్రానిలిప్రోల్, సయాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండమైడ్ మరో కుటుంబం. మందు మార్చడమంటే కుటుంబం మార్చడం. పత్తి విత్తనానికి ముందే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు పట్టించి అమ్ముతుంటారు. మొక్క మొలిచిన నాటినుంచీ దోమకు ఆ రుచి తెలుసు. 2021-22లో మిర్చి మీద నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు గుంటూరు నుంచి ఖమ్మం దాకా రైతులు ఏ పేరు చెబితే ఆ సీసా తెచ్చి కొట్టారు. అప్పుడు కొట్టిన మందుల్లో నిజంగా వేర్వేరు మందులెన్నో, ఒకే మందుకు వేర్వేరు పేర్లెన్నో లెక్క తీసినవాళ్లు లేరు. అప్పులు మాత్రం లెక్కగానే మిగిలాయి.

రెండో నష్టం ప్రాణానికి. మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు మొదట అడిగేది ఏ మందు అనే. ఆర్గానోఫాస్ఫేట్ రకం అయితే అట్రోపిన్ ఇస్తారు. పారాక్వాట్ కలుపు మందు అయితే విరుగుడే లేదు, చికిత్స దారే వేరు. "ఎర్ర మూత సీసా" అని చెబితే ఆయనేం చేయగలడు? అందుకే చట్టం ప్రకారం లేబుల్ మీద టెక్నికల్ పేరు, శాతం, విరుగుడు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. విషం తీవ్రత చెప్పే రంగు గుర్తు ఉండాలి. ఎరుపు అత్యంత విషం, ఆ తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. లోపల పెట్టే కాగితం ప్రాంతీయ భాషలో కూడా ఉండాలి. సీసాను ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి. అంతకుముందే దాని పేరు ఇంట్లో అందరికీ తెలిసేలా చేయండి.

"చవక మందు పని చేయదు"

ఈ మాట ప్రతి ఊళ్లో వినబడుతుంది. దీన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది.

రసాయనం ఒకటే అయినా దాన్ని నీళ్లలో కలిసేట్టు, ఆకుకు అంటుకునేట్టు చేసే ఇతర పదార్థాల నాణ్యతలో తేడా ఉండొచ్చు. కొన్ని కంపెనీలు లేబుల్ మీద రాసిన శాతం లోపల పెట్టవు. అచ్చం పేరున్న కంపెనీ సీసాలాగే ఉండే నకిలీలూ ఉన్నాయి. అయితే ఇక్కడొక సంగతి గమనించండి. నకిలీ చేసేవాడు ఎవరి పేరు దొంగిలిస్తాడు? ఎవరికీ తెలియని పేరు దొంగిలించడు, బాగా అమ్ముడుపోయే పేరునే దొంగిలిస్తాడు. కాబట్టి పెద్ద పేరు కొన్నంత మాత్రాన నకిలీ నుంచి రక్షణ దొరకదు. జనరిక్ వేరు, నాసిరకం వేరు, నకిలీ వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం పెద్ద పేర్లు అమ్ముకునేవాళ్లకు లాభం.

రక్షణ ఇచ్చేది బిల్లు. రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న సీసా, లైసెన్సున్న కొట్టు, ఆ బ్యాచ్ నంబరు రాసిన బిల్లు. "బిల్లు లేకుండా తీసుకుంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుంది కదా" అంటారు. ఆ మిగులు కోసం ఆశపడితే మందు పని చేయనప్పుడు అడిగే హక్కు పోతుంది. మండల వ్యవసాయ అధికారికి శాంపిల్ తీసి పరీక్షకు పంపే అధికారం ఉంది. ఫిర్యాదు రాసివ్వాలంటే బిల్లు కావాలి. రైతు కూడా వినియోగదారుడేనని, విత్తనం మొలవనప్పుడు వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు మన తెలుగు రైతులు వేసిందే. విత్తనమంతా చల్లేసిన రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలని కోరడం సరికాదని కూడా కోర్టు అన్నది.

ఇంకో రకం సీసాల విషయంలో జాగ్రత్త. లేబుల్ మీద ఏ టెక్నికల్ పేరూ లేకుండా "బయో" అనో, "టానిక్" అనో, "వండర్" అనో అమ్మేవి. మొక్కకు ఉత్తేజమిచ్చే బయోస్టిమ్యులెంట్లను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. వాటిలో ఏముందో, ఎంతుందో రాయాలి. లోపల ఏముందో చెప్పని సీసా జనరిక్ కాదు, బ్రాండూ కాదు. దాన్ని కొనవద్దు.

ఎమ్మార్పీ వల

జనరిక్ అనగానే చవకగా దొరుకుతుందనుకోవడం మరో పొరపాటు. పెద్దగా పేరు లేని కంపెనీలు డీలరుకు తక్కువ ధరకు ఇచ్చి, సీసా మీద ఎమ్మార్పీ మాత్రం పెద్ద కంపెనీతో సమానంగా అచ్చు వేస్తాయి. మధ్యలో తేడా డీలరు లాభం. అలాంటి సీసాను "గట్టి మందు" అని మన చేతిలో పెడితే, జనరిక్ మందును బ్రాండు ధరకు కొన్నట్టవుతుంది. నా రెండో ప్యాకెట్టు సంగతి అదే. కాబట్టి "జనరిక్ ఇవ్వు" అని అడిగితే చాలదు. "థయోమిథాక్సామ్ 25 శాతం ఎన్ని కంపెనీలవి ఉన్నాయి, ఒక్కోటి ఎంత?" అని అడగాలి. మూడు ధరలు బల్ల మీదకు వచ్చాకే బేరం మొదలవుతుంది.

ముడి ఎక్కడుంది?

ఇంతవరకు చదివి, "చెప్పడం తేలికే, అడగడం ఎలా?" అని మీరు అనుకుంటున్నారని నాకు తెలుసు. అసలు ముడి అక్కడే ఉంది.

చేతిలో డబ్బుతో కొట్టుకు వెళ్లే రైతు మూడు ధరలు అడగగలడు, నచ్చకపోతే పక్క కొట్టుకు పోగలడు. ఖాతా మీద తెచ్చుకునే రైతు అడగలేడు. మందు, ఎరువు, విత్తనం అన్నీ ఒకే కొట్టులో ఉద్దెర, పంట చేతికొచ్చాక అక్కడే లెక్క. కొన్నిచోట్ల పంట కూడా అక్కడే తూకం. అప్పు పెట్టినవాడే మందు పేరు చెబుతాడు. కౌలు రైతుకైతే వేరే గుమ్మమే లేదు. నేను ఆ రోజు రెండో ప్యాకెట్టు వెనక్కి పట్టుకెళ్లి అడగలేకపోవడానికి కారణం సిగ్గు కాదు. ఆ ఖాతాలో అప్పటికే ఉన్న బాకీ.

అందుకే జనరిక్ కొనడం ఒక్కో రైతు తెలివితేటల విషయమని నేననుకోవడం లేదు. ఇది పరపతి విషయం. సకాలంలో కట్టే రైతుకు 3 లక్షల రూపాయల దాకా పంట రుణం బ్యాంకులో నాలుగు శాతం వడ్డీకి పడుతుంది. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఈ రెండింటి మధ్య ఉన్న 20 శాతం తేడాలోనే మన నోరు నొక్కేసి ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న రైతు కొంత సొమ్మయినా మందులకు విడిగా పెట్టుకుని నగదుతో కొనాలి. కార్డు రాని కౌలు రైతుల కోసం సంఘం పోరాడుతూనే ఉంది. ఆ పోరాటానికీ సీసా మీది పేరుకూ నేరుగా సంబంధం ఉందని నేనంటున్నాను.

విత్తనం, ఎరువు

ఈ సూత్రం అన్నిటికీ ఒకేలా వర్తించదు. పత్తి విత్తనం చూడండి. బీజీ-2 విత్తనం 475 గ్రాముల ప్యాకెట్టుకు ఏ కంపెనీదైనా కేంద్రం ఒకే గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. 2025లో అది 901 రూపాయలు. పురుగును తట్టుకునే జన్యువు అన్నిటిలోనూ ఒకటే, హైబ్రిడ్ రకం మాత్రం వేరు. అందుకని ఏదైనా ఒకటేనని చెప్పను. మన నేలకు ఏది సరిపోతుందో పక్క చేలు చూసి ఎంచుకోవాల్సిందే. కానీ ఒకే పేరు కోసం తెల్లవారక ముందే వరుసలో నిలబడి, దొరక్క బ్లాకులో అంతకంటే ఎక్కువ పెట్టి కొనడం ఏ లెక్కకూ నిలవదు.

వరిలో మన చేతిలో ఇంకా ఎక్కువ ఉంది. ఎంటీయూ 1010, బీపీటీ 5204 లాంటి విశ్వవిద్యాలయ రకాలకు కంపెనీ పేరుతో పనిలేదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. చట్టం పెట్టిన షరతు ఒక్కటే. రక్షణ ఉన్న రకాన్ని బ్రాండు పేరు వేసి అమ్మకూడదు. పేరు వేయని విత్తనం అమ్ముకునే హక్కును చట్టమే రైతుకు రాసిచ్చింది.

ఎరువుల్లో 2022 నుంచి యూరియా, డీఏపీ, పొటాష్, కాంప్లెక్సులన్నీ "భారత్" అన్న ఒకే పేరుతో వస్తున్నాయి. ఏ కంపెనీ బస్తా అయినా డీఏపీలో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరమే. ఒక డీఏపీ బస్తాలో ఉన్న 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం మూడు బస్తాల సూపర్ ఫాస్ఫేటు, 20 కిలోల యూరియాతో కూడా వస్తాయి, పైగా గంధకం అదనం. డీఏపీ దొరకని రోజున ఈ లెక్క పనికొస్తుంది. యూరియా కావాలంటే ఈ సీసా కూడా కొనాలని లింకు పెడితే మాత్రం ఊరుకోవద్దు, రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

ఏం చేద్దాం?

విశ్వవిద్యాలయాలు ఏటా వేసే వ్యవసాయ పంచాంగంలో మందులన్నీ టెక్నికల్ పేర్లతోనే ఉంటాయి. అధికారులు చెప్పేదీ ఆ పేర్లే. కొట్టులో వినబడేవి మాత్రం వేరే పేర్లు. ఈ రెండింటి మధ్య వంతెన మనమే వేసుకోవాలి.

గ్రామ కమిటీలు ఈ సీజన్ మొదలయ్యేలోపు చేయగలిగినవి మూడు. మొదటిది, ఊళ్లో ఎక్కువగా వాడే పది పదిహేను మందుల టెక్నికల్ పేర్లు, ఏ కుటుంబానివి, ఎకరానికి మోతాదు ఎంత అన్నది పంచాంగం చూసి, వ్యవసాయ అధికారితో సరిచూయించి, తెలుగులో పెద్ద అక్షరాలతో రచ్చబండ దగ్గర గోడ మీద రాయించడం. రెండోది, ఒకే మందు అవసరమైన పది మంది కలిసి నగదుతో ఒకేసారి కొనడం. పది మంది కలిసి వెళ్లి ధర అడిగితే జవాబు వేరుగా ఉంటుంది. మూడోది, కొత్త పేరు సీసా తెచ్చినప్పుడు ముందు అరెకరంలో కొట్టి చూడటం, ఫలితం పదిమందికీ చెప్పడం.

ప్రభుత్వాలను అడగవలసినవి కూడా మూడు. టెక్నికల్ పేరు తెలుగులో, అమ్మకం పేరంత పెద్ద అక్షరాలతో సీసా ముందువైపు ఉండాలి. శాంపిల్ పరీక్షల ఫలితాలు ఏ కంపెనీ, ఏ బ్యాచ్ అన్న వివరాలతో ప్రతి నెలా రైతు సేవా కేంద్రాల్లో, రైతు వేదికల్లో అంటించాలి. జనరిక్ నిజంగా మంచిదో కాదో ఊహలతో కాదు, ఆ కాగితంతో తేలాలి. ప్రాథమిక సహకార సంఘాలు ఈ మందులు తెచ్చి, కౌలు రైతులకు కూడా పంట రుణం వడ్డీకే ఇవ్వాలి.

జన ఔషధి పథకం 2008లో మొదలైంది. మనిషికి కావలసిన మాత్ర పేరున్నా లేకున్నా ఒకటేనని ప్రభుత్వమే షాపు పెట్టి చెబుతోంది. పైరు మందుకు అలా చెప్పడానికి అడ్డేమిటి?

మా అమ్మ ఇప్పుడు తన మాత్రల పేర్లు తనే చెబుతుంది. చదువు రాదు, అయినా "పొద్దున ఆమ్లోడిపిన్, అన్నం తిన్నాక మెట్‌ఫార్మిన్" అంటుంది. డెబ్బై ఏళ్ల మనిషి రెండు పేర్లు నేర్చుకున్నప్పుడు మనం పది నేర్చుకోలేమా? వచ్చే నెల మీ గ్రామ కమిటీ సమావేశానికి వచ్చేటప్పుడు నిరుడు కొన్న మందుల బిల్లులు, సీసాల లేబుళ్ల ఫోటోలు తీసుకురండి. పక్కపక్కన పెట్టి చదవండి. ఎవరి డబ్బు ఎన్నిసార్లు ఒకే మందుకు పోయిందో అక్కడే తేలుతుంది. నా రెండు ప్యాకెట్ల ఫోటోలు నేను తెస్తాను.